రాతి తోలు

అనంతగిరి ఘాట్ ఎక్కి సుంకరిమెట్ట వైపు వెళ్తుంటే, రోడ్డు కోసం కొండను తెగ్గొట్టిన చోట్లు వరసగా వస్తాయి. టీకో కాఫీకో బండి ఆపినవాళ్లు లోయ వైపు తిరిగి ఫోటోలు తీసుకుంటారు. వీపు వెనక ఉన్న కోతను ఎవరూ చూడరు. నాతో వచ్చిన మిత్రుడు హైదరాబాద్‌లో సినిమా మేకప్ పనిలో ఉన్నాడు. అతను మాత్రం కాఫీ గ్లాసుతో సహా వెళ్లి ఆ కోత ముందు నిలబడ్డాడు. కింద రాలిపడిన అరచేయంత పెళ్ల ఒకటి ఏరి నా చేతిలో పెట్టాడు.

చూడ్డానికి గట్టి రాయే. బొటనవేలి గోటితో గీకితే తెల్లటి సుద్ద రాలింది. సుద్ద మధ్యలో మినపగింజంత ఎర్రటి గింజలు గుచ్చుకుని ఉన్నాయి. కొన్ని గింజలు ఊడిపోయి గుంటలు మిగిలాయి. ప్రతి గుంట చుట్టూ గోధుమరంగు వలయం, తుప్పు మేకు పీకేశాక గోడ మీద ఉండిపోయే మరకలాంటిది. పెళ్లను పక్కకు తిప్పితే సన్నటి పీచు పీచుగా గీతలు, ఎండిన కొబ్బరి డొక్కలాగా. వెలుగులో ఆడిస్తే అక్కడక్కడా పెన్సిల్ ముల్లు మెరుపు.

"అమ్మవారు పోసి తగ్గిన ముఖంలా లేదూ అన్నా?" అన్నాడు.

ఉంది. కాని అలా అనిపించడానికీ, దాన్ని తీసుకెళ్లి ఒక నటుడి చెంప మీద పెట్టి జీవిని చేయడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం గురించే ఈ వ్యాసం. సినిమా వింతజీవికి తోలు ఎక్కడి నుంచి తేవాలన్న ప్రశ్నకు ప్రపంచమంతటా మేకప్ కళాకారులు బల్లులు, చేపలు, ఏనుగులు, చెట్ల బెరడు, కుళ్లిన పండ్లు, చివరికి కమలా తొక్క దాకా వెతికారు. రాయి దగ్గరికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. అందులో తడబడ్డవాళ్లే ఎక్కువ. తూర్పు కనుమలకు మన సినిమావాళ్లు పాటలకూ, ఛేజింగులకూ, అడవి సెట్టింగులకూ వస్తారు. మారేడుమిల్లి అడవిలో 'పుష్ప' తీశారు. కొండను వెనక తెరగా వాడుకోవడం మనకు బాగా వచ్చు. కొండ పైపొరను దగ్గరికెళ్లి చూసే అలవాటు ఇంకా రాలేదు.

రాతిలోంచి జీవి రావడం మనకు కొత్త ఊహేమీ కాదు. తెలుగువాళ్లకు తెలిసిన అతి పాత వింతజీవి స్తంభం చీల్చుకునే వచ్చింది. అదే తూర్పు కనుమల గొలుసులో, దక్షిణాన నల్లమలలో అహోబిలం ఉంది. పై అహోబిలం దాటి ఎక్కితే ఉగ్రస్తంభం అని పిలిచే నిట్టనిలువు చీలిక కనిపిస్తుంది. నరసింహుడు అక్కడే వెలువడ్డాడని నమ్మకం. భూగర్భశాస్త్రం లెక్కలో అది కడప బేసిన్‌కు చెందిన క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక నొక్కుకుపోయి గట్టిపడ్డ రాయి. అది కుళ్లదు. పగిలితే కత్తితో కోసినట్టు, పలకలు పలకలుగా, కోణాలు తేలి పగులుతుంది. మన పురాణ చిత్రాల్లో స్తంభం పగిలిన దృశ్యాలు గుర్తు తెచ్చుకోండి. ప్లాస్టర్ పెంకులు ఎగిరిపడతాయి, లోపలి నుంచి నిగనిగలాడే జూలుతో సింహముఖం వస్తుంది. రాతిలోంచి వచ్చిన ముఖానికి రాతి ఆనవాలు ఒక్కటీ ఉండదు. తొలి తెలుగు టాకీ 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. ఆ కథే 1967లో ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడిగా మళ్లీ వచ్చింది. ఇన్నేళ్లలో నరసింహుడికి జూలు మారింది, కోరలు మారాయి, కిరీటం మారింది. అతను ఏ రాతిలోంచి వచ్చాడో ఆ రాయి ఒంటి మీద కనబడాలని మాత్రం ఎవరికీ తోచినట్టు లేదు.

విశాఖ పక్కనే ఇంకో నరసింహుడున్నాడు. సింహాచలం వరాహ నరసింహస్వామి ఏడాది పొడవునా చందనం పూతలో ఉంటాడు. అక్షయ తృతీయ నాడు పూత తీసి నిజరూప దర్శనం ఇస్తారు. తర్వాత విడతలు విడతలుగా మళ్లీ చందనం ఎక్కుతుంది. పూత నిండాక వరాహ ముఖమూ లేదు, సింహం తోకా లేదు, లింగంలాంటి ఒక గుండ్రటి ఆకారం మిగులుతుంది. భక్తులు దాన్ని వేరే కళ్లతో చూస్తారు, చూడాలి కూడా. మేకప్ మిత్రుడు మాత్రం అందులో తన వృత్తి పాఠం ఒకటి చూశాడు. పూత మందం పెరిగేకొద్దీ లోపలి వివరం చచ్చిపోతుంది, బయటి గీత ఒక్కటే మిగులుతుంది. నటుడి ముఖం మీద రాతి పొర వేసేవాడు మొదట భయపడాల్సింది ఇందుకే. ఎన్ని గుంటలు చెక్కినా, పొర అంగుళం దాటితే కింద కదిలే కండరం పైకి రాదు. రంగారావుగారి కనుబొమ మీద అంగుళం రబ్బరు వేసి ఉంటే 'మాయాబజార్' ఘటోత్కచుడు మనకు దక్కేవాడా?

ఇక అరకు రాళ్ల దగ్గరికి వద్దాం. ఈ విషయంలో అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

నా చేతిలో పెట్టిన పెళ్ల ఖోండలైట్. 1902లో టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త కలహండి సంస్థానం రాళ్లను వర్ణిస్తూ, ఆ కొండల్లో ఉండే ఖోండు (కోందు) జనం పేరే ఆ రాతికి పెట్టాడు. ఇదే కొండల్లో దొరికే నీలి నలుపు రాయి చార్నొకైట్. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఈస్టిండియా కంపెనీ దొర సమాధి ఫలకం ఆ జాతి రాయే కాబట్టి థామస్ హాలండ్ దానికి ఆ పేరు తగిలించాడు. ఒకే కొండలో ఒక రాయికి అక్కడి మనుషుల పేరు, పక్క రాయికి ఎక్కడో పోయిన దొర పేరు.

ఖోండలైట్ మొదట రాయి కాదు, పాత సముద్రం అడుగున పేరుకున్న బురద. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట అది పాతిక కిలోమీటర్లకు పైబడిన లోతుకు దిగబడి, పాడేరు, అనంతగిరి ప్రాంతాల్లో కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికింది. బురదలోని అల్యూమినియం సిల్లిమనైట్ పీచుగానూ, గార్నెట్ గింజలుగానూ మారింది. అందులోని బొగ్గుపదార్థం గ్రాఫైట్ అయింది. తర్వాత కొండ పైకి లేచింది, వాన మొదలైంది. వాన ముందు ఫెల్డ్‌స్పార్‌ను తిని తెల్ల సుద్ద చేస్తుంది. గార్నెట్‌లోని ఇనుము తుప్పు పడుతుంది. గింజ వదులై ఊడిపోతుంది. గుంట, వలయం, మరక అన్నీ ఈ వరసలో పుట్టినవే. కోణార్క్ సూర్యదేవాలయం ఈ రాతితోనే కట్టారు. 13వ శతాబ్దపు శిల్పాల ముఖాలు అక్కడ ఎలా కరిగిపోతున్నాయో చూసినవాళ్లకు ఖోండలైట్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. ముక్కు పోయి, పెదవి పోయి, చెంప మీద చిల్లులు పడి, అయినా నవ్వు పోకుండా నిలబడ్డ స్త్రీమూర్తులు. జీవుల మేకప్ చేసేవాడికి ఆ గోడలకన్నా మంచి పుస్తకం లేదు. మనిషి ముఖం, ఆ రాయి, ఎనిమిది వందల ఏళ్ల ఉప్పుగాలి కలిస్తే ఏమవుతుందో అక్కడ చేసి పెట్టి ఉంది.

చార్నొకైట్ తీరే వేరు. నూనె రాసినట్టు జిడ్డు మెరుపు. ఇది గుంటలు పడదు, ఉల్లిపాయలా పొరలు వదులుతుంది. కొండ వాలులో గుండ్రటి గుండ్లు, వాటి మీద నుంచి లేచిన పెచ్చులు. పెచ్చు అంచున నీడ సన్నటి గీతలా పడుతుంది. ఆ నీడే జీవికి ప్రాణం, ఎందుకంటే లైటు పక్కనుంచి కొట్టినప్పుడు కెమెరా పట్టుకునేది అలాంటి అంచుల్నే. భుజం, మోకాలు, తల వెనక భాగం లాంటి గుండ్రటి చోట్లకు ఇది అమరుతుంది. కనురెప్పకు పనికిరాదు.

డుంబ్రిగుడ దగ్గర చాపరాయిలో నీళ్లు వెడల్పాటి బండల మీద జారుతూ పోతాయి. అక్కడి రాతిలో తెలుపూ నలుపూ చారలు మెలికలు తిరిగి ఉంటాయి. లోతుల్లో మెత్తబడ్డ రాయి మడతలు పడ్డ గుర్తులవి. నీళ్లు తగిలి పైన నున్నగా ఉంటుంది, మడత మాత్రం లోపలే కనిపిస్తుంది. మనిషి మెడ మడతలకు దీనికన్నా దగ్గర పోలిక నేను చూడలేదు. మడత ఉందని రంగు చెబుతుంది, చేతికి తగలదు. ప్రోస్థటిక్ పనిలో, అంటే ముఖం మీద రబ్బరు ముక్కలు అతికించే పనిలో, ఎత్తుపల్లం ఒక్కటే ముడత కాదనీ, రంగుతోనే సగం ముడత వేయొచ్చనీ పాతకాలం మేకప్ మాస్టర్లకు బాగా తెలుసు. ఎన్టీఆర్‌కు పురాణ పాత్రలకు మేకప్ వేసిన పీతాంబరంగారి తరం చేతిలో రబ్బరు కన్నా బ్రష్షే ఎక్కువ పని చేసింది.

బొర్రా గుహలు అందరికీ తెలుసు కాబట్టి అక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. 1807లో విలియం కింగ్ అనే జియలాజికల్ సర్వే ఆయన ఈ గుహలు కనుక్కున్నాడని గైడ్లు, కరపత్రాలు చెబుతాయి. ఆ సర్వే పుట్టిందే 1851లో. ఆ సంగతి పక్కన పెట్టినా, పక్క ఊళ్లవాళ్లకు తమ ఆవు పడిపోయిందని చెప్పుకునే బిలం తెలియకుండా ఉంటుందా? గోస్తని ప్రవాహం సున్నపురాతిని తొలిచి చేసిన గుహ ఇది. బొట్టు బొట్టుగా కారే నీటిలోని సున్నం పేరుకుని పైనుంచి ఊడలు, కిందినుంచి స్తంభాలు, గోడల వెంబడి తెరలు కట్టింది. టార్చి వేసి గైడు చూపిస్తాడు: ఇది శివపార్వతులు, ఇది రుషి గడ్డం, ఇది మొసలి, ఇది మనిషి మెదడు, ఇది ఆవు పొదుగు. అందరం తలూపుతాం. మన కంటికి ఆ జబ్బు పుట్టుకతోనే ఉంది. ఏ గీరుపాటు చూసినా ముఖం వెతుక్కుంటుంది.

జీవుల డిజైనర్‌కు ఈ జబ్బు వరమూ, శాపమూ. గైడు చూపించిన మొసలిని చూసి మొసలి చేస్తే అది మొసలే అవుతుంది. బొర్రా నుంచి తెచ్చుకోవాల్సింది మొసలిని కాదు, బొట్టును. నీరు కారే దిశ ఎప్పుడూ కిందికే. ఊడ చివర సన్నబడుతుంది, తెర అంచున అలలు తిరుగుతాయి, తేమ ఆగిన చోట గోబీపువ్వులా బుడిపెలు కడుతుంది. కొన్నిచోట్ల పసుపు, నారింజ రంగుల్లో సూక్ష్మజీవుల పొరలు కూడా ఉన్నాయి. గుహలో పుట్టిన జీవికి ముఖం చేస్తున్నారనుకోండి. నుదుటి నుంచి కారిన సున్నం కనుబొమ మీద ఆగి, అక్కడి నుంచి చెంపకు పోవాలా, ముక్కు పక్కకు పోవాలా? ఆ జీవి ఎక్కువసేపు తల వంచుకుని ఉంటుందా, ఎత్తుకుని ఉంటుందా అన్నది తేలితే తప్ప దీనికి జవాబు రాదు. తల వంచుకునే జీవి అయితే ఊడలు గడ్డం కింద కాదు, ముక్కు కొనన, కనుబొమ అంచున వేలాడాలి. ఒక్క బొట్టు దారి ఆలోచిస్తే జీవి నడవడిక మొత్తం బయటికొస్తుంది.

అచ్చులు పోసి, కేటలాగు చూసి అంటించే పద్ధతితో నాకున్న పేచీ ఇదే. రాతి మీద కనిపించేది నమూనా కాదు. వేడి, నీరు, బరువు, కాలం కలిసి చేసిన పని తాలూకు గుర్తు. గుర్తును ఎత్తుకొచ్చి, పని వదిలేస్తే ముఖం మీద వాల్‌పేపర్ అంటించినట్టే ఉంటుంది.

పని ఎలా జరుగుతుందో తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. ముందు నటుడి ముఖానికి ఆల్జినేట్ పూస్తారు. సముద్రపు నాచు నుంచి తీసే పదార్థమిది, పళ్ల డాక్టర్లు వాడేదే. ముక్కు రంధ్రాలు వదిలి, పైన ప్లాస్టర్ పట్టీలు వేసి, గట్టిపడ్డాక తీసి, అందులో పోతపోస్తే నటుడి ముఖం ప్లాస్టర్‌లో దొరుకుతుంది. దాని మీద నూనెమట్టితో జీవి ముఖం చెక్కుతారు. గరుకు, గుంట, పగులు అన్నీ ఈ దశలోనే. తర్వాత దానికి అచ్చు తీసి, మట్టి తీసేసిన ఖాళీలో సిలికాన్ గానీ నురుగు రబ్బరు గానీ పోస్తారు. నురుగు రబ్బరును సుమారు 85 డిగ్రీల దగ్గర గంటల కొద్దీ ఓవెన్లో ఉడికించాలి. వచ్చిన ముక్క అంచులు ఉల్లిపొరంత పలచగా ఉండాలి, లేకపోతే అతుకు కనిపిస్తుంది.

నూనెమట్టి మీద రాతి గరుకు రావాలంటే చేత్తో చెక్కొచ్చు, లేదా రాతి మీద ద్రవ రబ్బరు పొరలు పొరలుగా పూసి, ఆరాక ఒలిచి, ఆ తోలును మట్టి మీద నొక్కొచ్చు. రెండోది తేలిక అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. సుంకరిమెట్ట దాటాక రోడ్డు పక్కన పడి ఉన్న ఎర్రటి గుల్లరాయి, జల్లెడలా చిల్లులున్న లేటరైట్ గుండు, నాకు తెగ నచ్చింది. మిత్రుడు ఫోన్లో మాట్లాడుతుండగా, అతని డబ్బాలోంచి రబ్బరు తీసి మూడు పొరలు పూసేశాను. సబ్బునీళ్లు ముందు పట్టించాలని తెలియదు. గుల్లరాయి చిల్లులు లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతాయనీ తెలియదు. రెండు గంటల తర్వాత లాగితే సగం రబ్బరు రాయిలో ఉండిపోయింది, సగం రాయి రబ్బరుతో వచ్చింది. మిత్రుడు ఏమీ అనలేదు. డబ్బా బరువు చూసి మూత పెట్టుకున్నాడు.

తర్వాత అతనే నయం చేశాడు. ఖోండలైట్ పెళ్ల మీద సబ్బు పట్టించి, పలచగా రెండు పొరలు పూసి, మధ్యలో గాజుగుడ్డ వేసి, మళ్లీ ఒక పొర. ఒలిచిన తోలును వెలుగుకు ఎత్తి చూస్తే గుంటలు బొడిపెలుగా, బొడిపెలు గుంటలుగా తిరగబడి ఉన్నాయి. మట్టి మీద నొక్కితే మళ్లీ అసలు రూపం. చూడ్డానికి ముచ్చటగానే ఉంది, కాని కొలత కుదరలేదు. కొండ కోతలో మినపగింజంత కనిపించిన గుంట, చెంప మీద పెడితే గుండిగలా ఉంది. మనిషి చర్మపు రంధ్రాలు ఆవగింజకన్నా ఎంతో చిన్నవి. వాటి పక్కన ఇంత పెద్ద గుంట పెడితే కన్ను ఒప్పుకోదు. కాబట్టి ముద్ర వేసి వదిలేయడం కుదరదు. పెద్ద గుంటలు చెంప ఎముక మీద నాలుగైదు, అక్కడి నుంచి చెవి వైపు చిన్నవవుతూ, పెదవి దగ్గరికి వచ్చేసరికి సుద్ద మరక మాత్రమే. ఎముక దగ్గర రాయి, కండ దగ్గర మనిషి. ఈ మాట నాది కాదు, అతనిది.

సిలికాన్‌తో ఇంకో తంటా ఉంది. ప్లాటినం రకం సిలికాన్ గంధకం తగిలితే గట్టిపడదు, జిగురుగా ఉండిపోతుంది. కొన్ని నూనెమట్టుల్లో గంధకం ఉంటుంది, రబ్బరు గ్లౌజుల్లోనూ ఉంటుంది. పది రోజుల పని చేతికి అంటుకునే జిగురై కూర్చున్న కథలు ఈ వృత్తిలో ఇంటికొకటి వినిపిస్తాయి. మన ఎండ సంగతి చెప్పనే అక్కర్లేదు. విశాఖలో మే నెలలో షూటింగంటే జిగురు కింద చెమట పట్టి అంచులు లేస్తాయి. అరకు జనవరి చలిలో ఆ బాధ ఉండదు గాని, తెల్లవారుజాము మంచుకు పైన వేసిన రంగు ఆరదు.

రాతి జీవుల్లో ప్రపంచానికి బాగా తెలిసినవాడు 'ఫెంటాస్టిక్ ఫోర్' కథల్లోని థింగ్. 2005 సినిమాలో మైకేల్ చిక్లిస్‌కు నిలువెల్లా నురుగు రబ్బరు సూటు తొడిగారు. పాపం, ఆ పలకల మధ్య పగుళ్లు మనిషి ముఖం కదిలే గీతల మీద ఉండవు. కాబట్టి అతను నవ్వినా ఏడ్చినా రాయి ఒక్కలాగే ఉంటుంది. కళ్లతోనే నెట్టుకొచ్చాడు. 2025లో వచ్చిన కొత్త సినిమాలో థింగ్ కంప్యూటర్ బొమ్మ. కాని దర్శకుడు మ్యాట్ షాక్‌మన్ బృందం ఎడారికి పోయి, తాము అనుకున్న చర్మానికి సరిపోయే నిజం రాయి వెతికి తెచ్చుకుంది. దానికి జెన్నిఫర్ అని పేరు పెట్టి, థింగ్ ఉండే సన్నివేశాల్లో ఆ లైటింగులోనే రాయినీ షూట్ చేసింది. వెలుగు రాతి మీద ఎలా పడుతుందో కంప్యూటర్‌కు చెప్పడానికి. రబ్బరు సూటు రోజుల్లో ఎవరూ పట్టించుకోని పని, రబ్బరు పోయాక చేశారు. నాకు ఈ సంగతి నచ్చింది. రాయి అక్కడ కేటలాగులో బొమ్మ కాదు, సెట్లో నటి.

గిలెర్మో డెల్ టోరో 2006 సినిమా 'పాన్స్ లాబిరింత్' మేకప్‌కు ఆస్కార్ తెచ్చింది. అందులోని మేకకాళ్ల వనదేవుడు ఇంకో దారి చూపిస్తాడు. స్పెయిన్‌కు చెందిన డేవిడ్ మార్తీ, మోంట్సే రీబే బృందం అతనికి చెట్టు బెరడు, నాచు, మట్టి కలిసిన ఒళ్లు ఇచ్చింది. కథ సాగేకొద్దీ అతను ముసలితనం నుంచి వయసులోకి తిరిగివస్తాడు. బెరడు నున్నబడుతుంది. అంటే వాళ్లు బెరడు నమూనా ఒక్కటే తీసుకోలేదు, బెరడు వయసు తీసుకున్నారు. మన ఖోండలైట్‌కు ఇంతకన్నా మంచి వయసు కథ ఉంది. తాజా రాయి గార్నెట్ ఎరుపుతో మెరుస్తుంది, మధ్యవయసులో సుద్ద పడుతుంది, ముసలితనంలో గుల్లయి, ఎర్రటి లేటరైట్ అయి, చివరికి బాక్సైట్ టోపీ అవుతుంది. గాలికొండ, రక్తకొండల మీద ఉన్నది అదే. ఒకే పాత్రకు నాలుగు దశల మేకప్ కొండ పొడవునా వేసి ఉంది, కింద నుంచి పైకి ఎక్కుతూ చూసుకోవచ్చు.

మన సినిమాల్లో ప్రోస్థటిక్ పని చాలాకాలం ఎక్కువగా ముసలి, కురూపి వేషాలకే వాడారు. 1996లో 'భారతీయుడు' కమల్‌హాసన్‌కు హాలీవుడ్ నుంచి మైకేల్ వెస్ట్‌మోర్ వచ్చాడు. 2008 'దశావతారం'లోనూ ఆయనే. 2015 'ఐ'లో విక్రమ్ కురూపి రూపానికి న్యూజీలాండ్ వెటా వర్క్‌షాప్ పనిచేసింది. తెలుగులో 1994 'భైరవద్వీపం'లో బాలకృష్ణ శాపం తగిలి కురూపి అయిన రూపం ఆ రోజుల్లో ఊళ్లలో పెద్ద కబురు. ఆ తర్వాత జీవి అనగానే కంప్యూటరే అయిపోయింది. ఖర్చు సంగతి చెబుతారు గాని అసలు కారణం తీరిక లేకపోవడమనే నా అనుమానం. పూట పూటకూ స్క్రిప్టు మారే చోట, ఆరు వారాల ముందే నటుడి ముఖం అచ్చు తీసుకోనిచ్చేదెవరు?

ఇక కొంచెం ఇబ్బందైన సంగతి. కొండ, అడవి, వింతజీవి అనే మూడు మాటలు కలిస్తే మన సినిమా చెయ్యి నల్లరంగు డబ్బా మీదికి పోతుంది. 2015 'బాహుబలి'లో కాలకేయుల్ని గుర్తు చేసుకోండి. మదన్ కార్కి వాళ్ల కోసం కిలికి అనే భాషను కల్పించాడు, అది గొప్ప శ్రమ. వాళ్ల నాయకుడిగా ప్రభాకర్ నటన ఇప్పటికీ కళ్ల ముందుంది. కాని ఒంటికి పూసింది మసి, మెడలో వేసింది ఎముకలు, పళ్లకు గార. రాయి నుంచో పురుగు నుంచో పుట్టిన రూపం కాదది, 'అడవి మనిషి' అన్న పాత భయం నుంచి వచ్చిన రూపం. ఆ సినిమాను నేనూ రెండుసార్లు చూశాను, ఈలలు వేశాను. అయినా, అరకు లోయలో బగతలు, కొండదొరలు, వాల్మీకులు, పోర్జలు, గదబలు, కోందులు కాపురముండే చోట కూర్చుని ఆ రూపం గురించి మాట్లాడ్డం కష్టం. డిజైనర్ ఈ కొండలకు వస్తే రాయిని చూసి పోవాలి. సంతకు వచ్చిన అవ్వ ముక్కుబేసర్లనీ, చెంప మీద పచ్చబొట్టునీ ఫోనులో తీసుకుపోయి రాక్షసుడికి తగిలిస్తే అది పరిశోధన కాదు, దొంగతనం.

రాయి విషయంలోనూ అనుమతి అన్న ప్రశ్న ఉంది. బొర్రాలో రాతి ఊడల్ని తాకొద్దనడం వట్టి నిబంధన కాదు. చేతి జిడ్డు అంటితే అక్కడ సున్నం కట్టడం ఆగిపోతుంది. వెంట్రుకంత పెరగడానికి ఏడాది పట్టేదాని మీద రబ్బరు పూయడం మాట తలపెట్టకూడదు. ఇప్పుడు ఆ అవసరమూ లేదు. పక్కనుంచి లైటు వేసి నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీస్తే కంప్యూటర్లో ఎత్తుపల్లాలు వస్తాయి. ఇదే బొర్రా చుట్టూ గనుల లీజుల మీద నడిచిన కేసులో 1997లో సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గని లీజులివ్వడం చెల్లదని. అవతల ఒడిశాలో 2013లో 12 గ్రామసభలు నియమగిరిని తవ్వొద్దని తేల్చాయి. డోంగ్రియా కోందులకు ఆ కొండ నియమరాజు, అంటే దేవుడు. కొండ చర్మం ఎవరిదన్న ప్రశ్న ఇక్కడ ఎప్పటి నుంచో కోర్టుల దాకా నడుస్తోంది. మేకప్ డబ్బా పట్టుకొచ్చేవాడు ఆ వరసలో చివర నిలబడ్డవాడు.

అడవి, వింతజీవి అనే ఈ చిక్కును నల్లమల చెంచులు ఎప్పుడో వేరేగా తేల్చుకున్నారు. వాళ్ల కథలో నరసింహుడు చెంచు లక్ష్మిని పెళ్లాడిన అల్లుడు. 1958లో నాగేశ్వరరావు, అంజలీదేవి జంటగా 'చెంచులక్ష్మి' సినిమా కూడా వచ్చింది. ఏటా సంక్రాంతి తర్వాత అహోబిలం స్వామి పార్వేట పేరిట నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతూ జనాన్ని పెళ్లికి పిలుస్తాడు. రాతి చీలికలోంచి గోళ్లతో, కోరలతో వచ్చినవాణ్ని చూసి మైదానంలో జడుసుకున్నారు. కొండమీద వాళ్లు మాత్రం అల్లుడికి చేసే మర్యాదలు చేశారు. సింహముఖం చేసే కళాకారుడెవరైనా ఆ అల్లుడి ముఖం చేస్తే చూడాలని ఉంది. క్వార్ట్‌జైట్ కోణాలు దవడ ఎముక దగ్గర ఆగిపోయి, కళ్ల కింద మెత్తబడి, నోటి చివర కొంచెం సిగ్గు.

మేం తిరిగొచ్చిన రోజు వాన. ఖోండలైట్ పెళ్ల నా బల్ల మీద తెల్లకాయితం పరిచి పెట్టాను, తడి ఆరుతుందని. మూడో రోజు తీసి చూస్తే కాయితం మీద మరక. అంచున ముదురు ఇటుకరంగు, లోపలికి పసుపు, మధ్యలో ఇంచుమించు గోధుమ. ఇనుము తుప్పు. మేకప్ ఫౌండేషన్లలో చర్మపు రంగు తెచ్చేది కూడా ఇదే ఇనుము ఆక్సైడే, ఎరుపు, పసుపు, నలుపు పాళ్లు కలిపి. మిత్రుడు వచ్చినప్పుడు కాయితం చూపించాను. సంచిలోంచి షేడ్ల పలక తీసి మరక పక్కన పెట్టుకుని, మోచేతి లోపలి వైపు ఒక్కో రంగూ పూసుకుంటూ కూర్చున్నాడు. నాలుగోది సరిపోయింది. కాయితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రాయిని మాత్రం నాకే వదిలేసి వెళ్లాడు.